పచ్చి బొప్పాయి కూరగాయా, పండా? ఉగాది ముందు ఆగిపోయిన ఒక షిప్పింగ్ బిల్లు

నేను హైదరాబాద్‌లో కస్టమ్స్ బ్రోకర్‌ని, మా లైన్‌లో ఇప్పటికీ అందరూ సీహెచ్ఏ, అంటే కస్టమ్ హౌస్ ఏజెంట్ అనే అంటారు. శంషాబాద్ నుంచి విమానంలో వెళ్లే తాజా కూరగాయలు, పండ్లు, ఆకుకూరల కాగితాలు చూడటం నా పని. ఈ కేసు రాస్తున్నది ఎందుకంటే ఇందులో తప్పు నాది, అదే తప్పు మా లైన్‌లో చాలామంది చేస్తుంటారు, పెట్టె తెరిచి ఎవరూ అడగకపోతే అది బయటపడదు. టమాటా పండా కూరగాయా అని పిల్లల క్విజ్‌లో అడిగే ప్రశ్న డబ్బుతో, టైముతో ముడిపడినప్పుడు ఎలా ఉంటుందో, దానికి జవాబు ఎక్కడ వెతకాలో నాకు ఈ ఒక్క సరుకుతోనే తెలిసొచ్చింది.

సరుకు సంగతి. నూజివీడు వైపు ఒక పెద్దాయన ఉన్నారు, చుట్టుపక్కల రైతుల దగ్గర కొని దుబాయ్‌లో తెలుగువాళ్లు వెళ్లే కిరాణా షాపులకు పంపుతుంటారు. రెండేళ్ల కిందట ఉగాదికి నాలుగు రోజుల ముందు పదకొండు రకాలు పంపారు, మొత్తం కలిపి 1,200 కిలోలకు కొంచెం తక్కువ. వంకాయ, బెండకాయ, దొండకాయ, మునక్కాయ, పొట్లకాయ, పచ్చిమిర్చి, దోసకాయ, ఇవి ఏడు. కూర అరటికాయ, పచ్చి బొప్పాయి, ఉగాది పచ్చడి కోసం మామిడికాయ, ఇవి మూడు. చివర్న పూజలకి తమలపాకు కట్టలు. ఇన్వాయిస్ మీద వాళ్ల గుమస్తా పెద్దక్షరాల్లో తాజా కూరగాయలు అని రాసి, కింద పదకొండు వరుసలు వేశాడు.

మా ఆఫీసు కుర్రాడు షిప్పింగ్ బిల్లుకి, అంటే ఎగుమతి సరుకు గురించి కస్టమ్స్‌కి ఇచ్చే ప్రకటన పత్రానికి, చెక్‌లిస్ట్ తయారు చేస్తూ, "సార్, మామిడికాయకీ బొప్పాయికీ కోడ్ వేరే పెట్టాలా?" అని అడిగాడు. వాడి అనుమానం సరైనదే. నేనే ఇంకో క్లయింటుతో ఫోన్‌లో మాట్లాడుతూ, "అవన్నీ కూరలోకి వెళ్లేవే కదా, 0709 పెట్టెయ్" అన్నాను. దోసకాయకి మాత్రం 0707 పెట్టించాను, మిగతా పదీ 0709లో వెళ్లిపోయాయి, తమలపాకుతో సహా.

ఈ నంబర్ల గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. ప్రపంచంలో చాలా దేశాలు సరుకులన్నిటికీ ఒకే పద్ధతిలో నంబర్లు వాడతాయి, దాన్ని హార్మనైజ్డ్ సిస్టమ్ అంటారు, 1988 నుంచి అమల్లో ఉంది. మొదటి ఆరు అంకెలు అందరికీ ఒకటే, మన దేశం ఇంకో రెండు కలిపి ఎనిమిది వాడుతుంది. 7వ అధ్యాయం కూరగాయలది, 8వ అధ్యాయం పండ్లది. టమాటాకి 0702, కీరాకీ గెర్కిన్‌లకీ 0707, చిక్కుడు జాతికి 0708, మిగిలిన తాజా కూరగాయలకి 0709. ఇక్కడే మన ఊళ్లో అమ్ముకునేవాళ్లకి ఈ తేడాతో పనిలేదు, తాజా కూరగాయలకీ తాజా పండ్లకీ రెండింటికీ జీఎస్టీ సున్నా. సరుకు దేశం దాటేటప్పుడు మాత్రం అవతలి దేశం వేసే సుంకం, అక్కడి దిగుమతి షరతులు, ఇక్కడ ఎగుమతిదారుకి వెనక్కి వచ్చే రాయితీ, అన్నీ ఆ నంబరు పట్టుకునే నడుస్తాయి.

ఆ సాయంత్రం ఎగ్జామినేషన్‌లో అధికారి మూడు పెట్టెలు తెరిపించారు. మొదటిది వంకాయ, ఏమీ అనలేదు. రెండోది పచ్చి బొప్పాయి. ఒక కాయ చేతిలోకి తీసుకుని, "ఇది పపాయా కదండీ, వెజిటబుల్స్‌లో ఎందుకు వేశారు?" అని అడిగారు. నేను అప్పటికి కంగారు పడలేదు. ఇది పండు కింద ఎవరూ కొనరు సార్, గీస్తే పాలు కారే పచ్చికాయ, దీన్ని కూర వండుకుంటారు, అమ్మేవాడూ కూరగాయగానే అమ్ముతాడు, కొనేవాడూ కూరగాయగానే కొంటాడు, కోర్టులు కూడా జనం వాడుకలో ఏ అర్థం ఉందో అదే చూడాలన్నాయి, అమెరికాలో టమాటా మీద తీర్పు ఉంది, మన సుప్రీంకోర్టువీ ఉన్నాయి అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన అంతా విన్నారు. విని, టారిఫ్‌లో, అంటే ఈ నంబర్లన్నీ ఉండే సుంకాల పట్టికలో, 0807 తీసి నా ముందు పెట్టారు. అక్కడ ఉన్నది ఇంతే: పుచ్చకాయలతో సహా మెలన్లు, బొప్పాయిలు, తాజావి. "ఇందులో పండినవి అన్న మాట ఎక్కడుందో చూపించండి" అన్నారు.

ఆ మాట అక్కడ లేదు. 0804లో మామిడి దగ్గరా లేదు. 0803లో అరటి అయితే ఇంకా స్పష్టం, వండుకునే అరటికి ఏకంగా విడిగా ఒక లైనే ఇచ్చి, దాన్ని కూడా పండ్ల అధ్యాయంలోనే ఉంచారు. తమలపాకు అయితే కూరగాయల్లోనూ లేదు పండ్లలోనూ లేదు, 14వ అధ్యాయంలో 1404 90 40 అని దాని పేరుతోనే ఒక లైను ఉంది. పదకొండు రకాల్లో నాలుగు తప్పు. అందులో మామిడికాయ ఉంది, ఆ సరుకు వెళ్తున్నదే మామిడికాయ కోసం.

ఆ తర్వాత జరిగింది త్వరగా చెప్పేస్తాను. కస్టమ్స్ చట్టం 149వ సెక్షన్ కింద షిప్పింగ్ బిల్లు సవరణకి దరఖాస్తు పెట్టాం. సుంకం ఎగ్గొట్టే ఉద్దేశం ఏమీ లేదని అధికారికి కనిపిస్తూనే ఉంది కాబట్టి ఇంకేమీ అనకుండా ఒప్పుకున్నారు, కానీ అదంతా అయ్యేసరికి ఆ రాత్రి ఫ్లైట్ వెళ్లిపోయింది. మర్నాటి రాత్రి ఫ్లైట్‌లో పది రకాలు వెళ్లాయి. తమలపాకు నల్లబడటం మొదలవడంతో కట్టలన్నీ దించేశాం. స్టోరేజీ ఖర్చు, తమలపాకు ఖర్చు నేనే పెట్టుకున్నాను, అందులో పెద్దాయన చేసిన తప్పేమీ లేదు.

ఆయనకి ఫోన్ చేసి చెప్పినప్పుడు కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ కనిపించింది. "అదేంటి బాబూ, మామిడికాయ కూరగాయ కాదా? మామిడికాయ పప్పు వండని ఇల్లు మన వైపు ఎక్కడుంది?" అన్నారు. ఎక్కడా లేదండీ, మీరు చెప్పేది నిజమే, కాగితంలో మాత్రం వేరేగా ఉంది అన్నాను. "మరి కాగితం రాసినవాడు పప్పు తినలేదా?" అని అడిగారు. ఆ ప్రశ్న నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది, ఎందుకంటే సరిగ్గా ఆయన వాదించినట్టే కోర్టుల్లో వాదించి గెలిచినవాళ్లు ఉన్నారు. మరి నేనెందుకు ఓడిపోయాను? అది తేల్చుకోవడానికి పాత తీర్పులు మళ్లీ తీసి, ఈసారి వరుసగా మొదటి నుంచి చివరిదాకా చదివాను.

న్యూయార్క్ టమాటా

అందరూ చెప్పుకునే టమాటా కేసు పేరు నిక్స్ వర్సెస్ హెడెన్. జాన్ నిక్స్ కంపెనీ న్యూయార్క్‌లో పండ్లూ కూరగాయలూ తెప్పించి అమ్మే వ్యాపార సంస్థ, ఎడ్వర్డ్ హెడెన్ ఆ రేవులో సుంకాలు వసూలు చేసే కలెక్టర్. 1886 వసంతంలో వెస్టిండీస్ నుంచి టమాటాలు వచ్చాయి. అప్పటికి అమల్లో ఉన్నది 1883 నాటి సుంకాల చట్టం. అందులో కూరగాయలకి విలువ మీద 10 శాతం సుంకం, పండ్లకి సుంకం లేదు. హెడెన్ టమాటాని కూరగాయ అన్నాడు. నిక్స్ వాళ్లు అభ్యంతరం చెప్తూనే డబ్బు కట్టి, 1887 ఫిబ్రవరిలో ఆ డబ్బు వెనక్కి ఇప్పించమని కేసు వేశారు.

విచారణ ఎలా జరిగిందో చదివితే మా పనిలో ఉన్నవాళ్లకి ముచ్చటేస్తుంది. నిక్స్ తరఫు లాయరు డిక్షనరీలు తెచ్చి పండు అంటే ఏమిటి, కూరగాయ అంటే ఏమిటి అని అర్థాలు చదివాడు. ముప్పై ఏళ్లుగా పండ్లూ కూరగాయలూ అమ్ముతున్న ఇద్దరు వ్యాపారుల్ని సాక్షులుగా పిలిచి, మీ వ్యాపారంలో ఈ మాటలకి డిక్షనరీలో లేని ప్రత్యేకమైన అర్థం ఏమైనా ఉందా అని అడిగాడు. లేదన్నారు. తర్వాత టమాటా అర్థం చదివాడు. దానికి ఎదురు లాయరు లేచి బఠానీ, వంకాయ, దోస, గుమ్మడి, మిరప అర్థాలు చదివాడు, అంటే టమాటా పండైతే ఇవన్నీ పండ్లేనా అని అడగడం అన్నమాట. మళ్లీ నిక్స్ లాయరు బంగాళాదుంప, క్యారెట్, క్యాబేజీ, చిక్కుడు అర్థాలు చదివాడు. ఇంతకు మించి సాక్ష్యం లేదు.

కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1893 మే 10న జస్టిస్ హొరేస్ గ్రే తీర్పు రాశారు, మిగతా జడ్జీల్లో ఎవరూ విభేదించలేదు. వృక్షశాస్త్రం ప్రకారం టమాటా పండే, దోస, గుమ్మడి, చిక్కుడు, బఠానీ కూడా పండ్లే, ఆ మాట ఆయన ముందే ఒప్పుకున్నారు. అయితే అమ్మేవాళ్లూ తినేవాళ్లూ మాట్లాడుకునే భాషలో ఇవన్నీ పెరట్లో పండించుకునే కూరగాయలు, వండినా పచ్చిగా తిన్నా భోజనంలో సూపుతోనో చేపతోనో మాంసంతోనో కలిసి వచ్చేవి, భోజనం అయ్యాక తీపిగా తినేవి కావు, కాబట్టి 10 శాతం కట్టాల్సిందే అన్నారు. డిక్షనరీలు సాక్ష్యం కావని, కోర్టుకి జ్ఞాపకం తెచ్చుకోవడానికి సాయం మాత్రమేనని కూడా చెప్పారు. ఈ ఆలోచన అంతకు ముందు నుంచీ ఉన్నదే. 1824లో టీ పెట్టెల మీద వచ్చిన ఒక కేసులో జస్టిస్ స్టోరీ, చట్టం చేసేవాళ్లు వ్యాపారుల్ని వృక్షశాస్త్రజ్ఞులుగా అనుకుని చట్టాలు చేయరు అనే అర్థంలో రాశారు.

నేను ఆ సాయంత్రం అధికారికి చెప్పింది ఈ తీర్పే. అప్పుడు నేను చూడనిది ఒకటుంది. 1883 చట్టంలో టమాటా అన్న మాటే లేదు. కూరగాయలు అని ఒక పెద్ద మాట, పండ్లు అని ఇంకో పెద్ద మాట ఉన్నాయి, టమాటా ఏ గంపలోకి వెళ్తుందో చట్టం చెప్పలేదు. చెప్పలేదు కాబట్టే జడ్జిగారు భోజనం బల్ల దాకా వెళ్లి చూడాల్సి వచ్చింది.

మన కోర్టులు

మన దేశంలో ఈ వరుసలో మొదట చదవాల్సింది అకోలా తమలపాకుల కేసు, రామావతార్ బుధాయిప్రసాద్, 1961. సెంట్రల్ ప్రావిన్సెస్ అండ్ బేరార్ అమ్మకపు పన్ను చట్టంలో కూరగాయలకి పన్ను మినహాయింపు ఉంది. మొదట్లో తమలపాకుకి కూడా విడిగా ఒక మినహాయింపు ఉండేది, 1948లో సవరణ చేసి దాన్ని తీసేశారు. వ్యాపారి వాదన ఏంటంటే తమలపాకు తీగ మొక్క, ఆకు తింటాం, కాబట్టి ఇది కూరగాయే అని. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కూరగాయ అంటే పెరట్లోనో పొలంలోనో పండించి భోజనంలోకి వాడుకునేది, తమలపాకు అలాంటిది కాదు, పైగా విడిగా ఉన్న లైను తీసేశారంటేనే పన్ను వేయాలన్న ఉద్దేశం కనిపిస్తోంది అన్నారు. ఆ తీర్పులో కెనడా కేసు ఒకటి ప్రస్తావించారు, అది ఉప్పు వేసిన వేరుశనగ, జీడిపప్పుల గురించి. సాయంత్రం భోజనానికి పండ్లో కూరగాయలో తెమ్మని ఇంట్లో చెబితే ఎవరైనా వేరుశనగపప్పు తెస్తారా అని అక్కడి జడ్జి అడిగారు. ఈ ప్రశ్న నాకు ఎంతో ఇష్టం. మన ఇళ్లలోనూ అంతే, కూరగాయలు తెమ్మంటే తమలపాకులు తెచ్చేవాళ్లు ఎవరూ ఉండరు.

ఆ తర్వాత బిహార్ నుంచి చెరకు కేసు వచ్చింది, చెరకు కూరగాయ కాదన్నారు. 1977లో పశ్చిమ బెంగాల్ నుంచి అల్లం కేసు వచ్చింది. అక్కడి చట్టంలో కూరగాయలు అన్న మాట పక్కనే సబ్జీ, తర్కారీ, శాక్ అని జనం పిలిచే వాటిని అని రాసి ఉంది. అంటే చట్టమే బజారు భాషలో మాట్లాడింది. పచ్చి అల్లం రుచి కోసం వేసేదే అయినా కూరగాయలు అమ్మేవాడి దగ్గరే దొరుకుతుంది, వంటలోకే వెళ్తుంది కాబట్టి అదీ కూరగాయే అన్నారు. అంతకు ముందు గంజాం నుంచి వెళ్లిన ఒక కేసులో మిరపకాయలూ నిమ్మకాయలూ కూరగాయలే అన్నారు. గంజాం అంటే మన శ్రీకాకుళం పక్కనే, నిమ్మకాయ ఏ బుట్టలో ఉంటుందో అక్కడివాళ్లకీ మనకీ ఒకటే.

ఇప్పుడు ఆ నిమ్మకాయనే తీసుకెళ్లి కస్టమ్స్ టారిఫ్‌లో వెతకండి. 0805లో, నారింజ, బత్తాయి పక్కన, పండ్ల అధ్యాయంలో దొరుకుతుంది. అమ్మకపు పన్నులో కూరగాయ, కస్టమ్స్‌లో పండు. రెండిట్లో ఏదీ తప్పు కాదు. అమ్మకపు పన్ను చట్టంలో నిమ్మకాయ అని విడిగా రాయలేదు కాబట్టి కోర్టు జనాన్ని అడిగింది, టారిఫ్‌లో నిమ్మకాయ అని రాసేశారు కాబట్టి అడగాల్సిన పని లేదు.

నేను ఓడిపోయింది ఇక్కడే. టారిఫ్ చదవడానికి కొన్ని సాధారణ నియమాలు ఉన్నాయి, వాటిలో మొట్టమొదటిది ఏం చెప్తుందంటే అధ్యాయాల పేర్లు వెతుక్కోవడానికి వీలుగా పెట్టినవే, సరుకు ఎక్కడికి వెళ్లాలో తేల్చేవి నాలుగంకెల హెడింగ్‌లో ఉన్న మాటలు, అధ్యాయం ముందున్న నోట్సు. అంటే 8వ అధ్యాయం నెత్తిన పండ్లు అని రాసి ఉంది కాబట్టి పచ్చి బొప్పాయి అందులోకి రాదు అనే వాదనకి బలం లేదు. హెడింగ్‌లో బొప్పాయి అని ఉంది, పెట్టెలో బొప్పాయి ఉంది, అక్కడితో అయిపోయింది. 7వ అధ్యాయం నోట్సులో కూడా ఇలాంటిదే కనిపిస్తుంది, కూరగాయలు అన్న మాటలోకి పుట్టగొడుగులు, ఆలివ్‌లు, గుమ్మడి, వంకాయ, తీపి మొక్కజొన్న, క్యాప్సికం జాతి కాయలు వస్తాయని ముందే జాబితా రాసిపెట్టారు. వంకాయ పండా కాదా అని ఇక ఎవరూ వాదించుకోవాల్సిన అవసరం లేదు.

యూరప్‌లో అయితే ఇంకొక అడుగు ముందుకు వేశారు. జామ్‌ల మీద 2001లో చేసిన యూరోపియన్ యూనియన్ ఆదేశంలో, ఈ నియమాల వరకు టమాటా, క్యారెట్, చిలగడదుంప, దోస, గుమ్మడి, రుబార్బ్ కాడలు అన్నీ పండ్ల కిందే లెక్క అని రాశారు. క్యారెట్ పండు అంటే నవ్వొస్తుంది, కానీ జామ్ అంటే పండ్లతోనే చేయాలని రూలు పెట్టి, క్యారెట్‌తో జామ్ చేసుకునేవాళ్లని ఇబ్బంది పెట్టకూడదనుకుంటే ఇంతకంటే తేలికైన దారి లేదు. జాబితా ఎవరి కోసం, ఏ పని కోసం రాశారో చూస్తే అందులో వింత ఏమీ కనిపించదు.

మన మాటలో ఏముంది

ఇదంతా చదివాక నాకు మన భాష మీద గౌరవం పెరిగింది. కూరగాయ అన్న మాట చూడండి, కూర, కాయ. చెట్టుకో తీగకో కాసింది కాబట్టి కాయ, అంటే వృక్షశాస్త్రం చెప్పే సంగతి అందులో ఉంది. కూరలోకి వెళ్తుంది కాబట్టి కూరగాయ, అంటే జస్టిస్ గ్రే చెప్పిన సంగతి కూడా అందులోనే ఉంది. ఇంగ్లీషులో పండా కూరగాయా అని రెండు గంపలు పెట్టి ఒకదాన్ని ఎంచుకోమంటారు, మనకి ఆ అవసరం రాలేదు. ఆకులకి ఆకుకూరలు అని, దుంపలకి దుంపలు అని వేరే మాటలున్నాయి, కాసినవాటికే కాయ వస్తుంది. బెండ, బీర, సొర, కాకర, వంకాయ, చిక్కుడు, మునగ, వీటిలో ఏది తీసుకున్నా పువ్వు రాలాక అండాశయం పెరిగి, లోపల గింజలు కట్టిందే. ఆ వృక్షశాస్త్ర పాఠం చెప్పడానికి మా అమ్మాయికి నేను వేరే పుస్తకం చూపించలేదు, వంటింట్లో కూరల బుట్ట చూపించాను.

మనం తేడా చూసేది కాయకీ పండుకీ మధ్య. అది జాతి తేడా కాదు, వయసు తేడా. మామిడికాయ పండితే మామిడిపండు. అదే బీరకాయ పండిపోయింది అంటే ఇక వంటకి పనికిరాదని అర్థం. పండుమిరపకాయ అన్నప్పుడు పండూ కాయా రెండూ ఒకే మాటలో ఉంటాయి, ఆ పచ్చడి తినే ఎవరికీ అందులో ఇబ్బంది కనిపించదు. జామకాయ, పుచ్చకాయ, బత్తాయికాయ, వీటిని పండ్లుగా తింటూనే కాయ అని పిలుస్తాం. టమాటా మన దేశానికి బయటి నుంచి వచ్చింది. దాన్ని పాత తెలుగులో రామములగ అనేవాళ్లు, చిత్తూరు వైపు తక్కాళి అంటారు, కానీ ఇప్పుడు ఎక్కువమంది నోట్లో అది ఉత్త టమాటానే, దానికి కాయా లేదు పండూ లేదు.

నేను చేసిన తప్పు వెనక కూడా ఈ తెలుగే ఉంది. మామిడికాయ, మామిడిపండు నాకు రెండు వేరే సరుకులు, రెండు వేరే ధరలు, కొనేవాళ్లు కూడా వేరే. టారిఫ్‌కి మాత్రం రెండూ మామిడే. కాయ పచ్చిదా ఎండిందా అన్నది చూడాల్సిన హెడింగులు కొన్ని ఉన్నాయి, అయితే అక్కడ ఆ తేడాని రాస్తారు. ఉదాహరణకి పచ్చిమిర్చి 0709లో ఉంటే ఎండుమిర్చి 0904కి, సుగంధ ద్రవ్యాల్లోకి వెళ్లిపోతుంది. రాయని చోట ఆ తేడా మనం తెచ్చిపెట్టకూడదు. చింతకాయ పచ్చడి కోసం పంపే పచ్చి చింతకాయ కూడా తాజా చింత అని 0810లోనే ఉంది.

దోసకాయ

ఈ కేసులో అధికారి అడగనిది, నేను తర్వాత నాకు నేనే వేసుకున్న ప్రశ్న దోసకాయది. దీని మీద మిగతావాటి కంటే ఎక్కువ టైము పెట్టాను.

తాజా సరుకు వెళ్లాలంటే ఫైటో సర్టిఫికెట్ కావాలి, అంటే మొక్కల తెగుళ్లు, పురుగులు లేవని ప్లాంట్ క్వారంటైన్ వాళ్లు ఇచ్చే పత్రం. దాని మీద ప్రతి రకానికీ శాస్త్రీయ నామం రాయాలి. అక్కడ కూరా లేదు పండూ లేదు, వృక్షశాస్త్రం భాష ఒక్కటే. బొప్పాయి పచ్చిదైనా పండిందైనా కారికా పపాయా, వంకాయ సొలానమ్ మెలాంజినా. మన పసుపు రంగు గుండ్రటి దోసకాయ దగ్గరికి వచ్చేసరికి అది క్యూక్యుమిస్ మెలో. కీరా వేరే, అది క్యూక్యుమిస్ సటైవస్. ఖర్బూజా కూడా క్యూక్యుమిస్ మెలోనే. అంటే పప్పులో వేసే దోసకాయ, వేసవిలో చక్కెర చల్లుకుని తినే ఖర్బూజా ఒకే జాతి, రెండిటికీ పుట్టిల్లు ఒకటే.

మరి టారిఫ్‌లో 0707 కుకుంబర్‌లు, గెర్కిన్‌లు అంటుంది, 0807 మెలన్లు అంటుంది. ఫైటోలో మెలో అని ఉన్న సరుకుని షిప్పింగ్ బిల్లులో కుకుంబర్ అని రాస్తే, బొప్పాయి పెట్టె తెరిచిన అధికారి లాంటివాళ్లు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి అడగగలరు. బొప్పాయిలో దెబ్బ తిన్నాక నేను మొదట భయపడి 0807కి మార్చేద్దామనుకున్నాను. తర్వాత నిదానంగా ఆలోచిస్తే అది మళ్లీ అదే తప్పు, కాకపోతే ఈసారి అవతలి వైపు నుంచి. హెడింగ్‌లో బొప్పాయి అని ఉన్నట్టు దోసకాయ అని ఎక్కడా లేదు. ఉన్నవి కుకుంబర్, మెలన్ అనే రెండు బజారు మాటలు, హెడింగ్ దగ్గర శాస్త్రీయ నామం ఏదీ రాయలేదు. అలాంటప్పుడే కదా అకోలా తీర్పు, అల్లం తీర్పు పనికొచ్చేవి. దోసకాయని ఎవరు అమ్ముతారు? కూరగాయల బండి అతను. ఎందుకు కొంటారు? పప్పుకి, పచ్చడికి, దోసావకాయకి. తీపి ఉంటుందా? ఉండదు, ఒక్కోసారి చేదు ఉంటుందేమో అని కోసేటప్పుడు ముక్క కొరికి చూస్తాం. విదేశాల్లో మనవాళ్ల షాపుల్లో దీని మీద వేసే స్టిక్కర్ కూడా ఎల్లో కుకుంబర్ అనే, మెలన్ అని ఎవరూ వేయరు. కాబట్టి నా అభిప్రాయంలో ఇది 0707, ఒకవేళ అది కుదరదంటే 0709, 0807 మాత్రం కాదు. దొండకాయ, మునక్కాయ, పొట్లకాయ కూడా ఇలాగే వాటి పేరుతో హెడింగ్ లేనివి, అవి 0709లో నిలబడేది జనం వాడుక బలం మీదే.

అంటే ఆ సాయంత్రం నేను చెప్పిన వాదన చెత్త వాదనేమీ కాదు, తప్పు కాయ దగ్గర చెప్పాను. దోసకాయ దగ్గర చెప్పాల్సింది బొప్పాయి దగ్గర చెప్పాను.

ఇప్పుడు ఏం చేస్తున్నాం

పెద్దాయన గుమస్తాకి ప్యాకింగ్ లిస్టు కొత్తది తయారు చేసి ఇచ్చాం. పైన తాజా కూరగాయలు అన్న పెద్దక్షరాల లైను తీసేయించాను, దాని అవసరం ఎవరికీ లేదు, గొడవంతా దానివల్లే మొదలైంది. ప్రతి వరుసలో ముందు తెలుగు పేరు, పక్కన వ్యాపారంలో వాడే ఇంగ్లీషు పేరు, దాని పక్కన శాస్త్రీయ నామం, చివర కోడ్. తెలుగు పేరు మాత్రం ఆయన మనిషే రాయాలి, మేం రాయం, ఎందుకంటే తోటలో కోసినవాడికే అది ఏ రకమో సరిగ్గా తెలుసు. ఒకసారి ఆయన మనిషి పచ్చి బొప్పాయి అని కాకుండా కూర బొప్పాయి అని రాశాడు. అది మార్చమనలేదు, సరుకు గురించి అందులో నిజం ఉంది. కోడ్ మాత్రం 0807 20 అనే పెట్టాం.

చెక్‌లిస్ట్ మా కుర్రాడే చేస్తున్నాడు. వాడు అనుమానం అడిగితే ఫోన్ పక్కన పెట్టి టారిఫ్ తీసి ఇద్దరం హెడింగ్ చదువుతాం. కాయ పేరు అక్కడ ఉంటే ఆ నంబరు వేసేస్తాం, పచ్చిదా పండిందా అని చూడం. లేకపోతేనే ఎవరు అమ్ముతారు, ఎవరు కొంటారు, ఎందుకు తింటారు అని మాట్లాడుకుంటాం. ఉగాది సరుకులో తమలపాకు ఇప్పుడు వేరే పెట్టెలో, 1404 90 40 మీద, కూరగాయలకి సంబంధం లేకుండా వెళ్తోంది.

దోసకాయ మీద ఒక పేజీ నోటు రాసి ప్రతి ఫైలులో పెడుతున్నాను. అందులో ఫైటోలో క్యూక్యుమిస్ మెలో అని ఎందుకు ఉందో, అయినా మేం 0707 ఎందుకు వేశామో, అకోలా, బెంగాల్ తీర్పులు రెండిటితో కలిపి రాశాను. షిప్పింగ్ బిల్లు వివరణలో కూడా వండుకునే రకం, తీపి లేనిది అని స్పష్టంగా వేస్తున్నాం. ఇంతవరకు ఆ పెట్టె తెరిచి ఎవరూ అడగలేదు, అడిగిన రోజు ఆ నోటు వాళ్ల చేతిలో పెడతాను.